షటర్ వెనక సంసారం: పహాడీ షరీఫ్ దారిలో ఇల్లూ పనిచోటూ ఒకటైన కట్టడాలు

చాంద్రాయణగుట్ట దాటి, బార్కస్, షాహీన్‌నగర్ల మీదుగా శ్రీశైలం రోడ్డున పహాడీ షరీఫ్ వైపు వెళ్తుంటే ఒకే తరహా కట్టడం మళ్ళీ మళ్ళీ కంటపడుతుంది. రోడ్డు ముఖాన ఒకటో రెండో షటర్లు, పక్కన మనిషి పట్టేంత సందు, సందు చివర మెట్లు, పైన బట్టలు ఆరేసిన వరండా. షటర్లో కిరాణా కొట్టో, టైలరో, వెల్డింగ్ పనో, పంక్చర్ షాపో. వెనకో పైనో సంసారం. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయ్యాక ఈ దిక్కున భూమి ధరలు, రోడ్లు, గోదాములు ఎంతో మారాయి కానీ ఈ తరహా కట్టడం తగ్గినట్టు కనిపించదు.

దీని చరిత్ర ఏమిటని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పూర్వం అందరూ ఇంటి దగ్గరే పనిచేసేవారు, ఫ్యాక్టరీలొచ్చి ఇంటినీ పనినీ విడదీశాయి, ఇవి ఆ పాత పద్ధతికి మిగులు అన్నది మొదటిది. ఇవన్నీ ఎయిర్‌పోర్టు, రింగు రోడ్డు వచ్చాక కిరాయిల కోసం వేసిన షటర్లే, పాతదనం ఏమీ లేదన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ దొరికే ఆధారాలను దగ్గర పెట్టుకుని చూస్తే ఈ కట్టడాలన్నిటినీ ఒకే చరిత్ర కిందకు తేవడం కష్టం. గోడలు ఒకేలా ఉన్నా, లోపల ఎవరు ఎవరి కోసం పనిచేస్తున్నారన్నదాన్ని బట్టి అవి కనీసం మూడు దారుల్లో వచ్చాయి: కుటుంబం తన పని తాను చేసుకునే ఇల్లు, యజమాని తన పనివాళ్ళకు పడక చూపించే పనిచోటు, బయటి సావుకారు ఇచ్చిన పనిని ముక్కకింత చొప్పున చేసిపెట్టే ఇల్లు. ఈ మూడింటినీ కలిపేసినప్పుడల్లా లెక్కలూ చట్టాలూ తడబడ్డాయన్నది నా వాదన.

లెక్కల్లో ఒక తలుపు

భారత జనగణనలో మనుషుల కంటే ముందు ఇళ్ళను లెక్కపెడతారు. ఆ ఇళ్ళ జాబితాలో ప్రతి కట్టడాన్నీ దేనికి వాడుతున్నారో రాసే గడి ఒకటి ఉంటుంది. నివాసం, దుకాణం లేదా ఆఫీసు, బడి, ఆస్పత్రి, ఫ్యాక్టరీ లేదా వర్క్‌షాపు వగైరాల మధ్య ‘నివాసంతో పాటు ఇతర వినియోగం’ అనే వర్గం కూడా ఉంది. మన విషయానికి ఇంత సూటిగా సరిపోయే సర్కారీ గడి మరొకటి లేదు. అందుకే దాన్ని నమ్మే ముందు కాస్త తరిచి చూడాలి.

జనగణన దృష్టిలో ఇల్లంటే రోడ్డు నుంచో, ఉమ్మడి వాకిలి నుంచో, మెట్ల నుంచో విడిగా ప్రధాన ద్వారం ఉన్న కట్టడం, లేదా కట్టడంలో ఒక భాగం. ఈ నిర్వచనాన్ని మన షటర్‌కు పెట్టి చూడండి. ముందు గదిలో కిరాణా నడుపుతూ అందులోంచే లోపలికి నడిచే కుటుంబానిది ఒకే ఇల్లు. అది మిశ్రమ వినియోగం గడిలో పడుతుంది. అదే కుటుంబం సందులో ఇంకో తలుపు పెట్టుకుని, షటర్‌కూ లోపలి గదికీ మధ్య గోడ కట్టుకుంటే అవి రెండిళ్ళు: ఒకటి దుకాణం, ఒకటి నివాసం. మనుషులు వాళ్ళే, కొట్టు అదే. మిశ్రమ వినియోగం మాత్రం లెక్కలోంచి పోయింది. ఈ దారిలో సందు మెట్లు ఎంత మామూలో చూశాక, ఆ గడిలో వచ్చే అంకె అసలు సంగతికి తక్కువగానే ఉంటుందని అనుకోవడం న్యాయం.

‘గృహ పరిశ్రమ’ నిర్వచనం ఇంకా తమాషాగా ఉంటుంది. పల్లెలో అయితే ఇంట్లో గానీ ఊళ్ళో మరో చోట గానీ కుటుంబం నడిపే పని గృహ పరిశ్రమే. పట్టణంలో అయితే అది కుటుంబం ఉండే ఇంటి ఆవరణలోనే జరగాలి. అంటే ఇంటికి రెండు వీధుల అవతల కుటుంబం నడుపుకునే చిన్న షెడ్డు, ఊరిని పట్టణంగా లెక్కగట్టిన రోజున గృహ పరిశ్రమ కాకుండా పోతుంది. 2016లో జల్‌పల్లి పురపాలక సంఘంలో కలిసిన పహాడీ షరీఫ్ లాంటి నగరపు అంచు ఊళ్ళ పాత, కొత్త అంకెలను పక్కపక్కన పెట్టే పరిశోధకులు ఈ మెలికను గుర్తుంచుకోవాలి. పైగా ఆ నిర్వచనంలోకి తయారీ, మరమ్మతు వస్తాయి గానీ వట్టి అమ్మకం రాదు. డాక్టరు, ప్లీడరు, జ్యోతిష్కుడు, మంగలి, చాకలి ఇంటి దగ్గరే పనిచేసినా రారు. ఇంటి ముందు గదిలో ఇస్త్రీ బల్ల వేసుకున్న మనిషి ఇంట్లో ఉండి పనిచేస్తున్నాడని రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ తెలుసు, జనగణనకు తప్ప.

గుట్ట కింద, బార్కస్‌లో

పహాడీ షరీఫ్ అనే పేరు గుట్ట మీది దర్గా వల్ల వచ్చింది. అక్కడ సమాధి అయిన బాబా షర్ఫుద్దీన్ సుహ్రవర్దీ సూఫీ 13వ శతాబ్దం మనిషి. హైదరాబాద్ నగరానికి పునాది 1591లో పడింది కాబట్టి గుట్ట మీది పవిత్రస్థలం నగరం కంటే దాదాపు మూడు వందల ఏళ్ళు పెద్దది. మెట్ల కింద పూలు, చాదర్లు, మిఠాయి అమ్మే అంగళ్ళనూ ఆ పాతదనంలో కలిపి చెప్పాలనిపించడం సహజం. జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. దర్గా వయసుకు సమాధి, పరంపర సాక్ష్యం. ఇప్పుడు నిలబడి ఉన్న అంగడి వయసుకు సాక్ష్యం దాని సిమెంటు, దాని కిరాయి చీటీ. యాత్రికులు వచ్చే చోట అమ్మేవాళ్ళు ఉంటారన్నది ఎన్నో పుణ్యక్షేత్రాల అనుభవం. ఆ అమ్మేవాళ్ళు అక్కడే నిద్రపోయేవారా అన్నది దానివల్ల తేలదు.

గుట్టకు రాకముందే వచ్చే బార్కస్ ఇంతకంటే గట్టి ఆధారం. పేరే చెబుతుంది, అది బ్యారక్స్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం కొలువులో సైనికులుగా ఉన్న రోజుల్లో వాళ్ళ నివాసం అది. బ్యారక్‌ను మనం సాధారణంగా ఇల్లూ పనీ కలిసిన కట్టడంగా చూడం. చూడాలి. కొలువు ఇచ్చినవాడే నీడ ఇచ్చాడు. నీడ ఉన్నచోటే మనిషి డ్యూటీకి అందుబాటులో ఉండాలి. నేను చెప్పిన మూడు దారుల్లో ఇది రెండోది, అదీ రాజరికం స్థాయిలో. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఆ కొలువు పోయింది, ఇల్లు మిగిలింది. కుటుంబాలు అక్కడే ఉండి వ్యాపారాల్లోకి, జామతోటల్లోకి, తర్వాత గల్ఫ్ సంపాదనల్లోకి మళ్ళాయి. ఈ రోజు బార్కస్ వీధుల్లో ఇంటి ముందు కనిపించే మల్గీలు, అంటే అంగడి గదులు, ఈ రెండో దశవి. ఒకే నేల మీద యజమాని ఇచ్చిన నివాసం పోయి కుటుంబం నడిపే అంగడి వచ్చింది. ‘పాత పద్ధతి మిగులు’ అన్న జవాబు ఇక్కడ నిలవదు. మధ్యలో తెగిపోయి, వేరే రకంగా మళ్ళీ మొదలైన చరిత్ర ఇది.

రెండో దారికి తెలుగు నేలలో ఇంకా పాత దాఖలాలున్నాయి. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో పెట్టిన ‘ఫ్యాక్టరీ’లో ఏదీ తయారయ్యేది కాదు. సరుకు గిడ్డంగి, లెక్కల గది, కంపెనీ గుమాస్తాల పడక, భోజనం అన్నీ ఒక్క ఆవరణలో. హైదరాబాద్ కోఠీలో 1803లో కట్టడం మొదలైన బ్రిటిష్ రెసిడెన్సీ కూడా ఈ జాతిదే, కాకపోతే కొరింథియన్ స్తంభాలతో: రెసిడెంటు కాపురం, కచేరీ, దర్బారు ఒకే కప్పు కింద. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం ఆవరణ. ఇంట్లో పనిచేయడం పేదవాళ్ళ వ్యవహారమనే అభిప్రాయం ఉంటే ఈ భవనం ముందు కాసేపు నిలబడితే చాలు.

గుంట మిగులుతుంది, కార్చోబ్ మిగలదు

ఏ పని కట్టడం మీద గుర్తు వదులుతుంది, ఏది వదలదు? పురావస్తు శాస్త్రానికి ఇది పాత తలనొప్పి. రోమ్ దగ్గరి ఓస్టియాలో అంగడి మూలన మిగిలిన నాలుగు రాతి మెట్లు, తలుపు పైన చిన్న కిటికీ చూసి, అక్కడ చెక్క అటక ఉండేదని, అంగడివాళ్ళు దాని మీద పడుకునేవారని చెప్పగలుగుతారు. మన పెద్దబంకూరులో శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, బావులు, ఇనుప వస్తువులు, నాణేలు దొరికాయి. అక్కడ పని జరిగిందనడానికి అవి చాలు. పనివాడి పక్క ఎక్కడ పరుచుకున్నాడో చెప్పడానికి చాలవు. పైగా అన్ని పనులూ ఇంట్లో ఇమడవు. కుమ్మరి సారె ఇంటి ముందుండొచ్చు, ఆవం ఊరి బయట. నిప్పు భయం వల్ల కమ్మరి కొలిమి సాధారణంగా ఇంటికి ఎడంగా ఉంటుంది. అందుకే ‘పూర్వం అందరూ ఇంటి దగ్గరే’ అనే మాటను నేను వాడను.

నేత మాత్రం గుర్తు వదిలే పని. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు పాత నేతన్నల ఇళ్ళల్లో మగ్గం గుంట కట్టడంలో భాగం. ఇంటి నేలనే తవ్వి, అందులో కాళ్ళు వేలాడేసి నేత మనిషి నేల మట్టానికి కూర్చుంటాడు. కాళ్ళ కింద తొక్కుడు కర్రలు, చేతిలో నాడె, ఎదురుగా గది పొడవునా సాగే పడుగు. ఆ పడుగు పొడవే గది పొడవును నిర్ణయిస్తుంది. గుంటలోని చెమ్మ నూలు తెగకుండా కాపాడుతుంది కాబట్టి గచ్చు ఇల్లు కట్టుకున్నా గుంటను వదులుకోరు. అదే గుంట వానాకాలంలో శత్రువవుతుంది. ఊట ఊరి నీళ్ళు నిలిస్తే ఇల్లు పడిపోకపోయినా పని పడిపోతుంది. వరద నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారికి ఇల్లు నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఫ్రాన్సులో లియాన్ నగరపు క్రోయ్ రూస్ గుట్ట మీద పట్టునేతగాళ్ళ ఇళ్ళు దీనికి సరిగ్గా తలకిందులు. జాకార్డ్ మగ్గం ఎత్తు కోసం అక్కడ పైకప్పును దాదాపు 4 మీటర్లకు లేపారు. వాళ్ళు పైకి కట్టారు, మనవాళ్ళు కిందికి తవ్వారు. రెండు చోట్లా ఇంటి కొలతను మగ్గమే తేల్చింది.

కానీ గుంట కూడా మొత్తం కథ చెప్పదు. ఇక్కత్ చీరకు ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం మీద దారాన్ని అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకు చేయి వేల సార్లు ఆడాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్ళ పని, వంటకూ వంటకూ మధ్య వాకిట్లో సాగే పని. చట్రం తీసి గోడకు ఆనిస్తే ఆ గది మళ్ళీ మామూలు గది. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం తయారుచేసిన లక్ష్మి ఆసు యంత్రం ఈ పనిని లోకానికి కనిపించేలా చేసింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం రాకముందు ఆసు పోసిన చేతుల జాడ ఏ ఇంటి ప్లానులోనూ ఉండదు.

హైదరాబాద్ పాతబస్తీలో జర్దోజీ చేసే కార్చోబ్ కూడా ఇంతే. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని చుట్టూ నేల మీద కూర్చుని సూదిపని చేస్తారు. పగలంతా గదిని చట్రమే ఆక్రమిస్తుంది. రాత్రి దాన్ని గోడకు నిలబెట్టి పక్కలు పరుస్తారు. ఖాళీ చేసి వెళ్ళిన మర్నాడు ఆ గదిని చూసి లోపల ఏ పని జరిగేదో పట్టుకోవడం అసాధ్యం. కాబట్టి గోడలను మాత్రమే చదివే చరిత్రలో నేతగాళ్ళు ఎక్కువగా, జర్దోజీ పనివాళ్ళు తక్కువగా కనిపిస్తారు. ఇది పనుల ప్రాముఖ్యంలో తేడా కాదు, గుర్తుల్లో తేడా.

ప్రభుత్వం ఈ కట్టడాన్ని గుర్తించిన సందర్భమూ నేతదే. 1985-86లో కేంద్రం చేనేతకారులకు ఇల్లూ పనిషెడ్డూ కలిపి కట్టించే పథకం మొదలుపెట్టింది. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 31.45 లక్షల కుటుంబాలు, 35.22 లక్షల మంది కార్మికులు తేలారు. లెక్కకు కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకోక తప్పదన్నది గమనించదగ్గ సంగతి. అయితే ఆ ఇంట్లో నూలు ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంది. నూలు తనది, చీర తనదైతే అది మొదటి దారి. సావుకారు నూలిచ్చి కూలి కట్టిస్తే మూడో దారి. గుంట లోతు రెంటిలోనూ ఒకటే.

రాతి కమాన్ల మీద కాపురాలు

చార్మినార్ చుట్టూ 14,000 దుకాణాలు వెలిశాయన్న మాట నగర చరిత్రల్లో తరచూ కనిపిస్తుంది. రాజుగారి కీర్తి కోసం రాసిన అంకెను అంకెగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు. అంతకంటే నమ్మదగ్గవి 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాతి కాగితాలు. లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1910ల్లో జరిగిన మునిసిపల్ సర్వే నగరాన్ని ఇంటింటి స్థాయిలో గీసింది. ఆ పటాల మీద ప్రహరీలు, బావులు, సందులు కనిపిస్తాయి. వాడకం మాత్రం పేరున్న కట్టడాలకే తెలుస్తుంది.

అదే కాలంలో వచ్చిన నగరాభివృద్ధి సంస్థ, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, రోడ్లు వెడల్పు చేసింది, ఇరుకు బస్తీలు తీసేసింది. ఆధునిక నగర ప్రణాళిక అంటే ఇంటినీ పనినీ విడదీయడమేనని అనుకుంటాం. కానీ ఆ రోజుల్లో రూపుదిద్దుకున్న పత్తర్‌గట్టీలో కింద రాతి కమాన్ల వెనక దుకాణాల వరుస, పైన గదుల అంతస్తులు. రెండూ కలిసి ఉండడాన్ని పాలకులు కాదనలేదు, రాయితో తీర్చిదిద్దారు. ‘ఫ్యాక్టరీలొచ్చి విడదీశాయి’ అన్న జవాబుకు ఇది చిన్న అడ్డుపుల్ల.

గాజుల బట్టీ, గోదాము మెట్లు

లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బజారులో మనం చూసేది మెరిసే చివరి దశ. వెనక గల్లీల్లో బొగ్గుల బట్టీ ముందు కూర్చుని లక్కను వేడిచేసి, బండ మీద పొడుగ్గా సాగదీసి, గుండ్రంగా వంచేవాళ్ళుంటారు. ఆ గాజు మళ్ళీ ఇళ్ళకు పోతుంది, రాళ్ళూ చమ్కీలూ అద్దడానికి. అది ముక్క లెక్కన ఇచ్చే పని, మూడో దారి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో పోలీసులు సోదా చేసి రెండు వందలకు పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బిహార్ పిల్లలు. పనిచేసే గదుల్లోనే తిండి, నిద్ర. ఇది రెండో దారి, అన్నిటికంటే చెడ్డ రూపంలో. వీధిలోంచి చూస్తే ఈ గదికీ, అమ్మా కూతుళ్ళు కూర్చుని చమ్కీలు అద్దే గదికీ తేడా లేదు.

చట్టం ఈ తేడాను పట్టుకోవడానికి కొంత ప్రయత్నించింది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళు కంపెనీ నుంచి ఆకూ తంబాకూ తెచ్చుకుని, ఇంట్లో చుట్టి, వెయ్యికింత చొప్పున లెక్క చూసుకుంటారు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం సొంత ఇంట్లో కుటుంబసభ్యుల సాయంతో పనిచేసుకునేవాళ్ళను మినహాయించింది, కానీ వాళ్ళు మరో యజమానికి కార్మికులు కాకూడదని షరతు పెట్టింది. అంటే ఇల్లా, షెడ్డా అని చూడకుండా పని ఎవరికోసమని చూసింది. 1948 ఫ్యాక్టరీల చట్టం మాత్రం తలల లెక్క చూసింది: కరెంటు వాడితే 10 మంది, లేకుంటే 20. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ అంకెలను 20కి, 40కి పెంచింది. ఇంటి కార్ఖానాల్లో చాలావాటికి ఈ గీత ఎప్పుడూ అందలేదు, ఇప్పుడు ఇంకా దూరం జరిగింది. ఇంటి నుంచి చేసే పని మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో తెచ్చిన 177వ ఒప్పందాన్ని భారత్ ఆమోదించలేదు. అదే సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 26 కోట్ల మంది ఇళ్ళ నుంచే పనిచేస్తున్నారు. 2020 లాక్‌డౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఈ సంగతిని కొత్తగా కనిపెట్టడానికి ముందు మాట ఇది.

నిప్పు దగ్గరికొచ్చేసరికి మూడు దారులూ ఒక్కచోట కలుస్తాయి. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము అంటుకుని, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. కిందికి దిగే మెట్లు గోదాములోకే దిగేవి. 2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌస్‌లో, కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో 17 మంది పోయారు, వాళ్ళలో 8 మంది పిల్లలు. అక్కడా ఇరుకు మెట్లదారే. మొదటిది యజమాని చూపించిన పడక, రెండోది సొంత కుటుంబం ఇల్లు. ఎవరు ఎవరికోసం పనిచేస్తారన్న తేడాను ఇంతసేపు నొక్కి చెప్పిన నేను ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి: బయటపడే దారి విషయంలో ఆ తేడా అక్కరకు రాదు. కిందా పైనా రెండు వాడకాలున్న కట్టడానికి రెండో మెట్లు ఉన్నాయా అన్నది ఎవరి ఇల్లని అడగకుండానే చూడాల్సిన సంగతి. పహాడీ షరీఫ్ రోడ్డు మీది మనిషి పట్టే సందును చూసినప్పుడు ఇదే ముందు తడుతుంది.

రోడ్డు వెడల్పయితే

‘కొత్తగా కిరాయిల కోసం వేసిన షటర్లే’ అన్న రెండో జవాబు మిగిలింది. నగరపు అంచున స్థలం కొన్న కుటుంబం ముందు రెండు షటర్లు వేసి, ఒకటి తాను వాడుకుని, మరొకటి కిరాయికి ఇచ్చి, ఆ డబ్బుతో పై అంతస్తు లేపడం ఈ దిక్కున అందరికీ తెలిసిన లెక్క. అది కొత్తదే. అయితే కిరాయికి దిగినవాడు రాత్రి షటర్ లోపలే పడుకుంటే అప్పుడది ఎవరి ఇల్లు? ఆస్తి కాగితంలో యజమాని పేరుంటుంది. కరెంటు మీటరు కమర్షియల్. అతని నివాసానికి దాఖలా ఏ కాగితంలోనూ పడదు.

పాతబస్తీ మెట్రో కోసం ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా రోడ్డు వెడల్పు చేస్తూ 2025లో ఆస్తులు తీసుకున్నప్పుడు గజానికి 81,000 రూపాయల లెక్కన పరిహారం ఇచ్చారు. వెడల్పు పనిలో ముందు పోయేది రోడ్డు ముఖాన ఉన్న భాగం, అంటే షటర్. వెనక వంటగది మిగిలిపోవచ్చు. గజాల లెక్కలో అది కొద్ది నేల. ఇంటి లెక్కలో మొత్తం సంపాదన. 2013 భూసేకరణ చట్టం భూమి లేనివాళ్ళను కూడా బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. కౌలుదారు, కిరాయిదారు, వృత్తిపనివాడు ఎవరైనా సేకరణకు మూడేళ్ళ ముందు నుంచి అక్కడ పనిచేస్తూ, అదే ప్రధాన జీవనాధారమై ఉంటే చాలు. వృత్తిపనివాళ్ళకు, చిన్న వ్యాపారులకు ఒకసారి ఇచ్చే కనీసం 25,000 రూపాయల సాయం కూడా అందులో ఉంది.

ఆ మూడేళ్ళను రుజువు చేయాల్సి వచ్చినప్పుడు షటర్ కిరాయిదారు దగ్గర ట్రేడ్ లైసెన్సో, కిరాయి చీటీయో ఉండొచ్చు. లోపలి గదిలో గాజులకు చమ్కీలు అద్దినామె దగ్గర ఉండేది సావుకారు చేతిరాతలో డజన్ల లెక్క రాసిన చిన్న నోటుబుక్కు. అది చిరగకుండా ఉంటే.